ఏడుకొండలు లేపిన బంతి

మా పెళ్ళయిన కొత్తలో మా ఆయన నాకిచ్చిన మాటల్లో ఒకటి మాత్రం తీరకుండా ఉండిపోయింది. గోదావరి జిల్లాలు చూపిస్తానన్న మాట. ఆయన పేరు రామసుబ్బయ్య. నంద్యాలలో పుట్టి పెరిగిన మనిషే కానీ, పెళ్ళికి ముందు కొన్నేళ్ళు తణుకు దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీలో పనిచేశారు. ఆ రోజుల గురించి మొదలుపెడితే కాలవలూ కొబ్బరితోటలూ పూతరేకులూ అన్నిటినీ గబగబా దాటేసి వాలీబాల్ దగ్గరికి వచ్చేవారు. ఇక అక్కణ్ణించి కదిలేవారు కాదు. ఫ్యాక్టరీ జట్టులో ఆయన స్మాషర్, అంటే ఎగిరి బంతిని అవతలివాళ్ళ నేలకేసి కొట్టే ఆటగాడు. ఆయనకి అందేలా బంతిని నెట్ పైకి లేపే లిఫ్టర్ పేరు ఏడుకొండలు. సముద్రపు ఒడ్డు పల్లె నుంచి ఫ్యాక్టరీలో కూలికి వచ్చిన జాలరి. "ఏడుకొండలు బంతి లేపితే నేనే కొట్టక్కర్లేదు, ఎవరు కొట్టినా పాయింటే" అనేవారు మా ఆయన. నేను కూర తరుక్కుంటూ వినేదాన్ని. ఆ ఆట నాకు తెలియదు.

పిల్లల చదువులు, నా బడి ఉద్యోగం, ఆయన మోకాలి ఆపరేషన్, ఏదో ఒకటి అడ్డొచ్చి ప్రయాణం వాయిదా పడుతూనే వచ్చింది. కిందటేడాది ఒక మధ్యాహ్నం ఆయన గుండె ఆగిపోయింది. ఈ మాఘమాసంలో నేనొక్కదాన్నే బయలుదేరాను. వెళ్ళి ఏం చూడాలో నాకు స్పష్టంగా తెలియదు. ఆయన నన్ను ఎరగని రోజుల్లో ఎలా ఉండేవారో తెలిసినవాళ్ళు అక్కడ ఉన్నారు, వాళ్ళని చూడాలనిపించింది, అంతే.

ఒక్క సంగతి ముందే చెప్పాలి. నేను బొట్టు మానలేదు. మానొద్దని ఆయనే ఎప్పుడో అన్నారు. అందువల్ల దారి పొడుగునా కనిపించినవాళ్ళందరూ "సార్ రాలేదాండి?" అని అడిగారు. ఒక్కొక్కచోట ఒక్కొక్క జవాబు చెప్పుకుంటూ వెళ్ళాను.

రాజమండ్రిలో పెద్దల ఆట

రాజమండ్రిలో దిగగానే కొత్తవాళ్ళందరూ చేసే పనే నేనూ చేశాను. గోదావరి గట్టు మీదికి వెళ్ళి నిలబడ్డాను. మా కుందూ వానలు పడినప్పుడే నది, మిగతా రోజుల్లో మేకలు నడిచే దారి. ఇక్కడ అవతలి ఒడ్డు కోసం కళ్ళు చికిలించాల్సి వచ్చింది. పక్కన మనిషి లేకుండా అంత నీటిని చూడడం కష్టంగానే ఉంది. మెట్ల మీద చీర ఆరబెట్టుకుంటున్న ఒక పెద్దావిడ నా మొహం చూసి, ఏమీ అడక్కుండా, సంచిలోంచి ఒక జామకాయ తీసి చేతిలో పెట్టింది. ఇద్దరం నది చూస్తూ చెరొక కాయా తిన్నాం. ఆవిడ పేరైనా కనుక్కోలేదు.

టిఫిన్‌కి పెసరట్టు తిన్నాను. మధ్యలో ఉప్మా పెట్టి మడిచి, పక్కన అల్లం పచ్చడి. మా వైపు ఉగ్గానీ బజ్జీకి ఎంత మర్యాదో ఇక్కడ దీనికి అంత. మా ఊరి కంటే రేటు కొంచెం ఎక్కువే, కానీ వడ్డించే అతను "ఇంకో అట్టు పల్చగా వెయ్యమంటారాండి?" అని అడిగిన తీరుకి కాదనలేక రెండోది కూడా తిని, మధ్యాహ్నం భోజనం మానేయాల్సి వచ్చింది. ఈ ఊళ్ళో ఆటో అతను బేరమాడినా 'అండి' తగిలించే ఆడతాడు. మా సీమలో ప్రేమగా మాట్లాడినా పక్కవాళ్ళకి పోట్లాటలా వినిపిస్తుంది. మా ఆయన మాటలో ఆ రెండూ కలిసి ఉండేవి. కోపం వచ్చినప్పుడు కూడా "ఏంటండీ ఇది" అని నాకు మర్యాద ఇచ్చే మాట్లాడేవారు. అది ఎక్కడి అలవాటో ఇప్పుడు అర్థమైంది.

మర్నాడు పొద్దున్నే నడకకి వెళితే ఒక కాలేజీ మైదానంలో వాలీబాల్ ఆడుతున్నారు. దగ్గరికి వెళ్ళాక చూశాను, అందరూ తెల్లజుట్టు వాళ్ళే. ఒకరికి మోకాలి పట్టీ, ఒకరికి నడుం బెల్టు. బంతి కాస్త దూరంగా పడితే ఎవరూ పరిగెత్తడం లేదు, "మీదే మీదే" అని ఒకరికొకరు గౌరవంగా వదిలేసుకుంటున్నారు. చెట్టు కింద సిమెంటు బల్ల మీద విజిల్ పట్టుకుని ఒకాయన కూర్చున్నారు. ఏదో హైస్కూల్లో వ్యాయామం నేర్పి రిటైరయ్యారట. అందరూ ఆయన్ని మాస్టారూ అంటున్నారు, నేనూ అలాగే పిలిచాను.

పెద్దవయసులో ఇలాంటి ఆట కష్టం కాదా అని అడిగాను. మాస్టారు కాస్త నొచ్చుకున్నట్టే చూశారు.

"ఇది కుర్రాళ్ళ ఆట అని ఎవరు చెప్పారండి మీకు? అసలు మా వయసు వాళ్ళ కోసమే కనిపెట్టారు."

ఆయన చెప్పిన కథ ఇది. అమెరికాలో ఒక చిన్న ఊళ్ళో ఆయన లాంటి వ్యాయామ మాస్టారే ఒకాయన ఉండేవారట. అక్కడికి సాయంత్రాలు ఒళ్ళు వంచడానికి వచ్చేవాళ్ళలో చాలామంది నడివయసు ఉద్యోగస్తులు, వ్యాపారస్తులు. అప్పటికి కొత్తగా పుట్టిన బాస్కెట్‌బాల్ ఆడమంటే పరుగులకీ తోపులాటకీ తట్టుకోలేక చతికిలబడేవారు. ఆయన ఆలోచించి టెన్నిస్ నెట్ ఒకటి తీసుకుని మనిషి తల కంటే ఎత్తున కట్టారు. ఇక ఒకరి మీద ఒకరు పడే వీల్లేదు. బాస్కెట్‌బాల్‌తో ఆడించి చూస్తే చేతులు నొప్పి పుట్టాయి, దాని లోపలి రబ్బరు తిత్తితో ఆడిస్తే మరీ గాలికి పోయింది. చివరికి తేలిగ్గా, గట్టిగా ఒక కొత్త బంతి చేయించారు. మొదట్లో ఎంతమందైనా ఆడొచ్చు, ఎన్నిసార్లయినా తట్టొచ్చు. బంతి నేలకి తగలకూడదు, చేతిలో ఉంచుకోకూడదు, అదొక్కటే లెక్క. ఒకరు లేపడం, ఇంకొకరు ఎగిరి కొట్టడం అన్నది తర్వాత ఎప్పుడో ఫిలిప్పీన్స్ దీవుల్లో మొదలైందని చెబుతారట.

"చేతిలో ఉంచుకోకూడదండి, అదే అందం" అన్నారు మాస్టారు. "అన్ని ఆటల్లోనూ బంతి దొరికితే పట్టుకుంటారు. ఇందులో దొరికిన వెంటనే ఇంకొకరికి ఇచ్చెయ్యాలి."

తర్వాత నన్ను చూసి, మీవారు ఆడేవారా అని అడిగారు. ఆడేవారండీ అన్నాను. తెలుగులో ఆ మాటకి రెండు అర్థాలున్నాయి, ఇప్పుడు ఆట మానేశారనీ, ఇప్పుడు మనిషే లేరనీ. ఆయన మొదటి అర్థమే తీసుకున్నారు. ఈసారి తీసుకురండి, మాలో ఒకరు తక్కువగా ఉన్నారు అన్నారు. అలాగేనండి అని వచ్చేశాను.

కడియం: పూలకుండీల మధ్య నెట్

కడియంలో దిగితే ఊరు ఎక్కడ మొదలైందో మొక్కలు ఎక్కడ ఆగాయో తెలియలేదు. రోడ్డుకి రెండు వైపులా చామంతులు, బంతులు, గులాబీలు, కుండీల్లో కొబ్బరి మొక్కలు, ఇంకా పేరు తెలియని ఆకులు. ముప్పై ఏళ్ళు పిల్లలకి జీవశాస్త్రం చెప్పినదాన్ని, అక్కడ సగం మొక్కల పేర్లు అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. మా ఎర్రనేలలో ఒక మల్లె తీగ బతికితే ఇరుగుపొరుగు వచ్చి చూస్తారు. ఇక్కడ మొక్కల్ని లారీలకి ఎత్తుతున్నారు.

ఒక నర్సరీలో మధ్యాహ్నం భోజనాల వేళ పనివాళ్ళు వాలీబాల్ ఆడుతున్నారు. రెండు వరసల మొక్కల మధ్య కాస్త ఖాళీ నేల. మొక్కలకి ఎండ తగలకుండా పైన కప్పే పచ్చటి నెట్ ముక్కనే రెండు కర్రలకి కట్టేశారు. బంతి కుండీల మీద పడితే మేస్త్రి అరుస్తాడని గట్టిగా ఎవరూ కొట్టడం లేదు. ఒక్క మనిషి మాత్రం పిడుగులా కొడుతున్నాడు. రాజస్థాన్ నుంచి వచ్చిన లారీ డ్రైవరట. లోడు నిండేదాకా అతనికి పనిలేదు. తెలుగు ఒక్క ముక్క రాదు. వీళ్ళకి హిందీ రాదు. స్కోరు మాత్రం రెండు వైపులా ఇంగ్లీషులో చెప్పుకుంటున్నారు, తేడా వస్తే వేళ్ళు చూపించి తేల్చుకుంటున్నారు.

ఆట ఆగాక నా వచ్చీరాని హిందీలో పలకరించాను. వాళ్ళ ఊళ్ళో పంచాయతీ ఆఫీసు ముందు ఇలాగే నెట్ ఉందట, సాయంత్రమైతే ఇసుకలో ఆడతారట. దీపావళి తర్వాత ఇంటికి వెళ్ళలేదన్నాడు. ఏ ఊరికి లోడు పడితే ఆ ఊళ్ళో ఎక్కడ నెట్ కట్టి ఉందో ముందు చూసుకుంటాడట. మాట్లాడుతూండగానే భార్యకి వీడియో కాల్ చేసి, ఫోన్ తిప్పి ఆ మొక్కల మధ్య కోర్టు చూపించాడు, నన్నూ చూపించాడు. ముసుగు కాస్త పైకి జరుపుకుని ఆ అమ్మాయి నాకు నమస్తే చెప్పింది. ఎప్పుడొస్తావని అతన్ని అడిగింది. ఆ మాటకి తర్జుమా అక్కర్లేదు. అతను మొక్కల వైపు చెయ్యి చూపించాడు. లోడు నిండాలి కదా మరి.

ముచ్చటపడి ఒక నందివర్ధనం మొక్క కొన్నాను. రావులపాలెంలో బస్సు మారేటప్పుడు దాన్ని సీటు కిందే మరిచిపోయాను. తెలిసేసరికి బస్సు వెళ్ళిపోయింది. ఎవరి పెరట్లోనో పూస్తుందిలే అనుకున్నాను కానీ, దానికి నీళ్ళు పోస్తారో లేదో అని ఆ సాయంత్రమంతా బెంగగానే ఉంది.

తణుకు

చెరకు ఆడే రోజులు కావడంతో ఊరి పొలిమేర నుంచే వాసన మొదలైంది. పాకం కాగుతున్న వాసన, అడుగున కాస్త పులుపు. చెరకు ట్రాక్టర్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఇంత పెద్ద వాసన గురించి మా ఆయన నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు. అన్నేళ్ళు ఇందులో ఊపిరి పీల్చి కూడా ఆట తప్ప ఏదీ గుర్తుపెట్టుకోలేదన్న మాట.

ఆయనతో కలిసి ఆడిన సూర్యనారాయణ గారి నంబరు ఆయన ఫోన్‌లోనే ఉంది. ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యారు. మా ఆయన పోయిన సంగతి ఆయనకి నేనే అప్పట్లో ఫోన్‌లో చెప్పాను. బస్టాండుకి స్కూటర్ మీద వచ్చి తీసుకెళ్ళారు. వాళ్ళావిడ పనసపొట్టు కూర ఆవ పెట్టి చేశారు. నేను మొదటిసారి తిన్నాను. కారం తక్కువ కదాండి, మీ వైపు వాళ్ళకి సరిపోదేమో అని ఆవిడ నా విస్తరి పక్కన విడిగా పచ్చిమిరపకాయలు పెట్టారు. మొహమాటం లేకుండా తినేశాను.

భోజనం తర్వాత కోర్టు చూపిస్తానని తీసుకెళ్ళారు. కోర్టు లేదు. అప్పట్లో కార్మికుల ఇళ్ళ వెనక ఖాళీ స్థలమట, ఇప్పుడు రెండు వీధుల ఇళ్ళు వచ్చాయి. సూర్యనారాయణ గారు అడుగులు వేసుకుంటూ వెళ్ళి ఒక ఇంటి గేటు ముందు ఆగి, నెట్ ఇక్కడండి అన్నారు. ఇంకో నాలుగడుగులు వేసి, వాళ్ళ బట్టలుతికే రాయి దగ్గర ఆగి, సుబ్బయ్య గారు ఇక్కడి నుంచి దూకేవారు అన్నారు. ఇంటావిడ బయటికి వచ్చి ఏంటండీ అని అడిగింది. చెబితే, కాసేపు ఉండండి అని రాయి మీది తడి బట్టలు తీసేసి లోపలికి వెళ్ళింది. నేను ఆ రాయి పక్కన నిలబడ్డాను. ఏదో అనిపిస్తుందనుకున్నాను. సబ్బు వాసన వచ్చింది, అంతే. అప్పుడే నాకు ఏడుపు వచ్చింది.

మోకాలు చెడిపోయి ఆట మానేశానని మా ఆయన నాకు చెప్పేవారు. తిరిగి నడుస్తూ సూర్యనారాయణ గారు వేరే సంగతి చెప్పారు. ఒక సీజను మధ్యలో ఏడుకొండలు తండ్రి సముద్రం మీదికి వేటకి వెళ్ళి తుఫానులో చిక్కుకుని తిరిగి రాలేదు. ఇంట్లో తల్లి, పెళ్ళికావలసిన చెల్లెళ్ళు. కబురు వచ్చిన సాయంత్రమే ఏడుకొండలు ఊరు వెళ్ళిపోయి పడవ ఎక్కాడు. జట్టుకి ఇంకో లిఫ్టర్ని తెచ్చారు.

"కొత్తతను మంచి ఆటగాడేనండి, తప్పు పట్టడానికి లేదు. కానీ సుబ్బయ్య గారు దూకేసరికి బంతి అక్కడ ఉండేది కాదు. బంతి అక్కడ ఉన్నప్పుడు ఈయన నేల మీద ఉండేవారు. ఒక సీజనంతా ప్రయత్నించారండి. తర్వాత ఇక్కడ మనసు నిలవడం లేదని మీ ఊరు వచ్చేశారు."

ఊరు వచ్చిన ఏడాదే మా పెళ్ళి చూపులు. ఏడుకొండలు తండ్రి ఆ రోజు ఒడ్డుకి చేరి ఉంటే నా పెళ్ళి ఇంకెవరితోనో జరిగి ఉండేది. ఆ ఆలోచన రాత్రిదాకా వదల్లేదు. కొత్త పెళ్ళికొడుకుగా సాయంత్రమయ్యేసరికి ఆయన ఊరికే మిద్దె ఎక్కి తిరిగేవారు. అత్తగారు నాకు నచ్చచెప్పేవారు, మగవాళ్ళకి ఏవో ఆలోచనలుంటాయని. ఆ వేళకి ఇక్కడ ఆట మొదలయ్యేది.

ఏడుకొండలుకి ఆయన పోయిన సంగతి తెలియదని కూడా అప్పుడే తెలిసింది. చెబుదామని రెండుమూడు సార్లు ఫోన్ చేతిలోకి తీసుకుని పెట్టేశానన్నారు సూర్యనారాయణ గారు. ఇప్పుడే చేసి చెప్పెయ్యమంటారా, మీరు వెళ్ళేసరికి కాస్త తేరుకుంటాడు అన్నారు. వద్దన్నాను. సుబ్బయ్య గారింటి వాళ్ళు వస్తున్నారని మాత్రం చెప్పండి, మిగతాది నేను చెబుతాను అన్నాను. అనడం సులువుగానే అనేశాను.

సముద్రం ఒడ్డున

నరసాపురం దాటాక రోడ్డుకి ఒకవైపు రొయ్యల చెరువులు, ఒకవైపు సరుగుడు తోటలు. షేరు ఆటోలో నా పక్కన ఐసు పెట్టె పెట్టుకుని ఒకామె కూర్చుంది. ఆ చల్లదనం మోచేతికి తగులుతుంటే, ఏం చెప్పాలి, ఎలా మొదలుపెట్టాలి అని మనసులో మాటలు కూర్చుకుంటూ వెళ్ళాను. పల్లె మొదట్లోనే ఆటో ఆగింది. పొట్టిగా, గట్టిగా ఉన్న మనిషి, మోకాళ్ళ పైకి లుంగీ, తెల్లచొక్కా ఇస్త్రీ మడతలతో. ఏడుకొండలే. నాకు దణ్ణం పెట్టి, నా భుజం మీదుగా ఆటోలోకి చూశారు. ఆటో వెళ్ళిపోయాక రోడ్డు వైపు చూశారు.

"సుబ్బయ్య గారు వెనక వస్తున్నారాండి?"

ఇంటికి వెళ్దాం పదండి అన్నాను.

చిన్న డాబా ఇల్లు, ముందు గదంతా చేపల వాసన మీద అగరొత్తుల వాసన. ఏడుకొండలు గారి భార్య సత్యవతి నరసాపురంలో చేపలు అమ్ముతారు. ఆ రోజు బేరం మానేసి వంట చేశారు. పండుగప్ప పులుసు, నెత్తళ్ళ వేపుడు. మా వైపు చేపంటే చెరువు చేపే, అదీ ఎప్పుడో. నేల మీద చాప వేసి రెండు కంచాలు పెట్టి ఉన్నాయి, రెండిటి పక్కనా గ్లాసుల్లో నీళ్ళు. రెండో కంచం ఎవరికో అడగాల్సిన పని లేదు. ఇప్పుడూ నేను చెప్పకపోతే దానిలో అన్నం వడ్డించేస్తారు.

"ఆయన లేరండీ" అన్నాను. "పోయినేడాది పోయారు. గుండెపోటు. నొప్పని కూడా అనలేదు. మీకు చెప్పే మనిషి లేకపోయారు, అందుకే నేనొచ్చాను."

ఏడుకొండలు గారు వెళ్ళి గుమ్మంలో బయటికి తిరిగి కూర్చున్నారు. వీపు మాత్రమే కనిపిస్తోంది. అన్నం గిన్నెతో నిలబడిపోయిన సత్యవతి గిన్నె కింద పెట్టి, వచ్చి ఆ రెండో కంచం ముందు తనే కూర్చున్నారు. కూర్చుని, ముందు నాకు వడ్డించి, తర్వాత తనకి వడ్డించుకున్నారు. తినండమ్మా, చల్లారిపోద్ది అన్నారు. ఇద్దరం తిన్నాం. అంత రుచైన పులుసు నేనెప్పుడూ తినలేదు.

చాలాసేపటికి ఆయన లోపలికి వచ్చి గోడకి ఆనుకున్నారు. ఎలా జరిగిందో అడిగారు. చెప్పాను. ఆట మాటలు ఎప్పుడైనా చెప్పేవారా అని అడిగారు. ఇంకేవీ చెప్పేవారు కాదన్నాను. ఏడుకొండలు లేపితే ఎవరు కొట్టినా పాయింటే అనేవారని, నేను కొన్ని వందలసార్లు విన్న ఆ మాట చెప్పాను.

"అబద్ధమండి" అన్నారాయన. "నా బంతి అన్నిసార్లూ సరిగ్గా లేచేది కాదు. ఎత్తు తగ్గేది, పక్కకి పోయేది. నేను ఎక్కడ లేపినా ఆయనే వచ్చి అందుకునేవారు. చూసేవాళ్ళకి నేను మంచిగా లేపినట్టు కనపడేది, అంతేనండి."

తన నాన్న పోయినప్పుడు సుబ్బయ్య గారు వచ్చి పది రోజులు ఈ ఇంట్లోనే ఉన్నారని చెప్పారు. సముద్రం అంటే భయమట, అయినా పడవల్లో ఎక్కి వెతకడానికి వెళ్ళారట, వాంతులు చేసుకుంటూ. నాకు అది కూడా చెప్పలేదు. మోకాలి కథ చెప్పిన మనిషి. తనకి దుఃఖం కలిగినచోట ఏదో ఒక ఎముక పేరు చెప్పి దాటేసేవారని ఇప్పుడు తెలిసింది. ఆ పది రోజుల్లో ఆయన పడుకున్న చోటు చూపించమన్నాను. అప్పుడు పాకండి, ఈ డాబా తర్వాత కట్టాం, కానీ ఇదే జాగా అని సత్యవతి నేను కూర్చున్న చాప చూపించారు.

సాయంత్రం ముగ్గురం ఒడ్డుకి వెళ్ళాం. పడవలు పైకి లాగి ఉన్నాయి. వాటి పక్కన ఇసుక చదును చేసి కోర్టు. రెండు సరుగుడు కర్రలకి పాత నైలాను వల మడతపెట్టి కట్టారు. తెల్లవారుజామున వేటకి వెళ్ళి వచ్చి, మధ్యాహ్నం నిద్రపోయి లేచిన మగవాళ్ళంతా అక్కడే ఉన్నారు. ఇంటర్ చదివేవాళ్ళూ, మనవళ్ళున్నవాళ్ళూ ఒకే జట్టులో. ఆడవాళ్ళు వలలు బాగుచేసుకుంటూ చూస్తున్నారు. అమెరికాలో ఆ మాస్టారు ఆఫీసు బల్లల ముందు వంగిపోయిన నడుముల కోసం కట్టిన నెట్టు ఎన్ని సముద్రాలు దాటి ఇక్కడికి వచ్చిందో అనుకున్నాను. మా ఆయన ఉంటే నన్ను ఈ ఆలోచన పూర్తి చెయ్యనిచ్చేవారు కాదు, ఆట చూడు అనేవారు.

ఏడుకొండలు గారు ఆడి చాలా ఏళ్ళయిందట. భుజం లేవదు. రోజూ వచ్చి పడవ అంచు మీద కూర్చుని చూస్తారు. ఆ రోజు చొక్కా విప్పి భార్య చేతికిచ్చి కోర్టులోకి వెళ్ళారు. ఆడేవాళ్ళు తప్పుకుని చోటిచ్చారు. బంతి రాగానే వేళ్ళ చివర్లతో ఎత్తుగా, ఎడమవైపు మూలకి లేపారు. ఇప్పటివాళ్ళు అంత ఎత్తు బంతి కొట్టరట, తక్కువ ఎత్తులో టక్కున కొట్టేస్తారు. ఎవరూ దూకలేదు. బంతి పైకి వెళ్ళి, ఆగి, దిగి, ఎవరూ లేని ఇసుకలో పడింది. ఎవరూ నవ్వలేదు. ఆయన రెండోసారి కూడా అక్కడికే లేపారు. అది కూడా పడింది. అప్పుడు ఆయన నా వైపు తిరిగారు.

"ఒక్కసారి రండమ్మా. కొట్టక్కర్లేదు. తగిలిస్తే చాలండి."

నాకు యాభై ఎనిమిదేళ్ళు. చీర కట్టుకుని ఉన్నాను. వద్దనబోయి సత్యవతి వైపు చూస్తే, ఆవిడ అప్పటికే నా చెప్పుల కోసం చెయ్యి చాపారు. కొంగు దోపుకుని వెళ్ళి, ఆయన చూపించినచోట, ఎడమ మూల నెట్ దగ్గర నిలబడ్డాను. మొదటి బంతి నా మొహం పక్క నుంచి పోయింది. రెండోది అరచేతికి తగిలి వలలో ఇరుక్కుంది. మూడోది ఆయన చాలా మెల్లగా, దాదాపు నా చేతి మీద పెట్టినట్టు లేపారు. కళ్ళు మూసుకుని కొట్టాను. తెరిచేసరికి బంతి అవతల ఉంది.

పెద్దామె కొట్టింది కదా అని వాళ్ళు వదిలేస్తారనుకున్నాను. వదల్లేదు. ఒకతను ఇసుకలో పడి దాన్ని తీశాడు, ఇంకొకతను తిప్పికొట్టాడు. బంతి మా వైపు దూసుకొచ్చింది. వెనక ఎవరో ఆపారు, ఏడుకొండలు గారు లేపారు, ఈసారి నాకు కాదు, మధ్యలో ఉన్నతనికి. అతను కొట్టిన బంతి అవతల ఇసుకలో దిగబడిపోయింది. పాయింటు మాది. ఎవరో నా వీపు తట్టబోయి, ఆడమనిషినని గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. నేనే ఆ చెయ్యి పట్టుకుని ఊపేశాను.

అందరూ కదులుతున్నారు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఆయన వందలసార్లు నిలబడిన మూల అది, ఊరు వేరు, అంతే. కాళ్ళ కింద ఇసుక ఇంకా వేడిగా ఉంది.

"అక్కడే ఉండిపోకూడదండి" అన్నారు ఏడుకొండలు గారు నెమ్మదిగా. "సర్వీసు మనకి వచ్చినప్పుడల్లా అందరం ఒక్కో చోటు జరగాలి. మీరు ఇటు రండి."

కుడివైపుకి జరిగాను. వెనక వరసలోంచి ఒకతను వచ్చి నేను వదిలిన మూలలో నిలబడి, చేతులకంటిన ఇసుక లుంగీకి తుడుచుకుని, బంతి కోసం చూశాడు.